పీల్చి చూశాను

ముక్కమ్మకి ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, ముక్కు తెచ్చిపెట్టింది. పక్కింట్లో పాలు అడుగంటుతున్నాయని ఆ ఇంటావిడ కంటే ముందు కేకేసి చెప్పేది. గుమ్మంలోకి వచ్చిన మనిషి సిగరెట్టు తాగి వచ్చాడో, తాగి నోరు కడుక్కుని వచ్చాడో చెప్పేది. చిన్నప్పుడు పిల్లలంతా కుక్కముక్కు అని ఏడిపిస్తే రాళ్లు పుచ్చుకుని వెంటపడేది. పెద్దయ్యాక ఆ ముక్కే ఆవిడకి ఇంత అన్నం పెట్టింది.

ఆవిడ పనిచేసేది ఆసుపత్రి సామాన్ల కొట్టులో. చక్రాల కుర్చీలు, మడత మంచాలు, వాటన్నిటికంటే ఎక్కువగా ఊపిరి మిషన్లు. కొంతమంది ఉంటారు చూడండి, రాత్రంతా వీధి అదిరేలా గురక పెడతారు, మధ్యలో ఊపిరి ఆగిపోతుంది, మళ్లీ ఉలిక్కిపడి అందుకుంటారు, పగలంతా కూర్చున్నచోటే తూగుతారు. వాళ్లకోసం ఈ మిషను. పడుకునేముందు మాస్కు తగిలించుకుంటే గొట్టంలోంచి గాలి వచ్చి గొంతు మూసుకుపోకుండా కాపు కాస్తుంది. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లకి, ఇంకొకరు వాడి వదిలేసినవి శుభ్రం చేసి అమ్మేవారు. ఆ శుభ్రం చేసేది ముక్కమ్మ.

పాత మాస్కు, పాత గొట్టం, పాత ఫిల్టరు ఏమాత్రం జాలి లేకుండా చెత్తబుట్టలోకి. నీళ్ల డబ్బాని గోరువెచ్చటి సబ్బునీళ్లలో ఒకసారి, వెనిగర్ కలిపిన నీళ్లలో ఒకసారి నానబెట్టి, నీడన ఆరబెట్టేది. మిషను ఒళ్లంతా స్పిరిట్‌తో తుడిచి, బొత్తాల సందుల్లో పుల్లకి దూది చుట్టి గీకేది. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు సంగతి మిషను పొట్టలో ఉంటుంది. చప్పుడు బయటికి రాకుండా లోపల ఒక స్పాంజి ముక్క పెడతారు. దాన్ని కడగడానికి లేదు. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, పడితే తీసి పారేసి కొత్తది వెయ్యాలి. చూడాలంటే ఎనిమిది స్క్రూలు విప్పాలి. విప్పితే అర పూట హరీ.

ముక్కమ్మ ఉండగా ఆ అవస్థ ఎందుకు? మిషను అరగంట తిప్పి, కొత్త మాస్కు మొహానికి పెట్టుకుని, కళ్లు మూసుకుని పది ఊపిర్లు పీల్చేది. ఏమాత్రం తేడా ఉన్నా అప్పుడు విప్పేది. లేకపోతే ఒక అట్టముక్క మీద ‘పీల్చి చూశాను’ అని రాసి, సంతకం పెట్టి, మిషను పిడికి దారంతో కట్టేది. కొట్టు యజమాని వచ్చినవాళ్లందరికీ ఆ అట్టముక్క చూపించి, "మా ముక్కమ్మ పీల్చనిదే మిషను గడప దాటదండీ" అని మీసం దువ్వుకునేవాడు. పన్నెండేళ్లలో ఒక్క మిషను వెనక్కి రాలేదు మరి.

అలాంటి మనిషికి ఒక జ్వరం వచ్చింది. వారం రోజులు పడుకుంది, లేచింది. జ్వరం పోతూ పోతూ వాసనని వెంటబెట్టుకుపోయింది. సబ్బు వాసన లేదు, వెనిగర్ వాసన లేదు. స్పిరిట్ సీసా ముక్కు కింద పెట్టుకుంటే కళ్లమ్మట నీళ్లు కారాయి గానీ వాసన మాత్రం లేదు. రేపొస్తుందిలే అనుకుంది. రేపు కాస్తా వారమైంది, వారం నెలైంది.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? వాసన తెలియని ముక్కమ్మంటే వీధి వీధంతా నవ్వుతుంది. పోనీ గుట్టుచప్పుడు కాకుండా ప్రతి మిషనూ విప్పి చూద్దామంటే, యజమాని వచ్చి "ఎందుకమ్మా అన్నీ విప్పుతున్నావు?" అని అడగడూ? అందుకని మాస్కు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పది ఊపిర్లు లెక్కపెట్టి, అదే అట్టముక్క మీద అదే మాట రాస్తూ వచ్చింది. మొదట్లో రాసేముందు కలం ఒక్క క్షణం ఆగేది. తర్వాత తర్వాత ఆగడం కూడా మానేసింది. మనిషన్నాక దేనికైనా అలవాటు పడతాడు, అదే వచ్చిన చిక్కు.

ఆ రోజుల్లోనే బావకి మిషను కావాల్సొచ్చింది.

బావంటే ముక్కమ్మ అక్క మొగుడు, గడియారాలు బాగుచేసే మనిషి. తొమ్మిదేళ్ల వయసులో తల్లీ తండ్రీ పోయిన మరదల్ని చంకనేసుకుని తెచ్చుకున్నవాడు. ఇప్పటికీ ముక్కమ్మ ఉండేది వాళ్ల ఇంటి వెనకగదిలోనే. కంటికి భూతద్దం బిగించుకుని, చిమటాతో వెంట్రుకంత తీగని కూడా పట్టుకోగలడు గానీ, నిద్రపోతే మాత్రం ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. "మీ ఆయన గురక కాదే అది, ఇంట్లో పిండిమర పెట్టుకున్నావు" అని ముక్కమ్మ అక్కని ఏడిపించేది. ఒకరోజు పట్టపగలు, చేతిలో గడియారం ఉండగానే తూగి, బల్లకి నుదురు కొట్టుకున్నాడు. పరీక్షలు చేస్తే ఇదే జబ్బని తేలింది.

"ఇంట్లో ముక్కమ్మని పెట్టుకుని ఊళ్లో వెతకడమేమిటి? నాకూ ఒకటి పీల్చి పెట్టు" అన్నాడు.

పీల్చి పెట్టింది. అట్టముక్క కట్టింది. మొదటి రాత్రి పెట్టుకుని, పొద్దున్నే వెనకగది గుమ్మంలో నిలబడ్డాడు. "ముక్కమ్మా, ఇందులో ఏదో వాసనొస్తోందే. తడిసిన గోనెసంచి వాసన."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ముక్కమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆ వాసన నీ ముక్కులోనే ఉంది బావా! ఇంకొకరు వాడారన్న శంక నీకు. పన్నెండేళ్లబట్టీ చేస్తున్న పని, నాకు నేర్పుతావా?"

"సర్లేవే తల్లీ, నీ ముక్కుతో నాకు పోటీ ఎందుకు" అని నవ్వేసి వెళ్లిపోయాడు. మరి ఆ మాట ఎత్తలేదు. రోజూ పెట్టుకునే పడుకున్నాడు.

రెండు నెలలు తిరక్కుండా దగ్గు మొదలైంది. పొడి దగ్గు. పొద్దున్నే ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. మెట్లెక్కితే ఆయాసం, ఒళ్లు వెచ్చబడటం. గోడకి ఇవతల ముక్కమ్మకి ఆ దగ్గు వినిపించేది. దుప్పటి నెత్తిమీదకి లాక్కునేది. ‘వాతావరణం మారింది, అందరూ దగ్గుతున్నారు’ అని తనకి తనే చెప్పుకునేది.

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఫొటోలు చూసి, కుర్చీ ముందుకి లాక్కుని అడిగింది. "గాలితోపాటు ఏదో లోపలికి పోతోంది, అది మీ ఊపిరితిత్తులకి పడటం లేదు. ఏమిటో కనిపెట్టాలి. ఇంట్లో గోడలకి చెమ్మ ఉందా? పక్షుల్ని పెంచుతారా? నిద్రలో వాడే ఆ మిషను ఎక్కడిది?"

బావ ఆయాసపడుతూనే నవ్వాడు. "మిషను మీద మాత్రం అనుమానం వద్దమ్మా. ఇదిగో, మా మరదలు స్వయంగా పీల్చి చూసింది. దాని ముక్కు ముందు మీ పరీక్షలన్నీ దిగదుడుపే."

డాక్టరమ్మ ముక్కమ్మ వైపు తిరిగింది. "శుభ్రంగానే ఉందా అండీ?"

అదీ క్షణం. నోరు తెరిచి ‘నాకు వాసన తెలియదండీ’ అంటే చాలు. మూడు మాటలు. అక్క చూస్తోంది, బావ గర్వంగా చూస్తున్నాడు.

"శుభ్రంగానే ఉందండీ" అంది.

"అయితే పక్షుల సంగతి చెప్పండి" అంది డాక్టరమ్మ, రాసుకుంటూ.

పక్షులున్నాయి. డాబా మీద చెక్కగూట్లో నాలుగు పావురాలు. గడియారాల మనిషి కదా, వాటికి పేర్లు కూడా అలాగే పెట్టుకున్నాడు. పెద్దముల్లు, చిన్నముల్లు, పొద్దున్నే గోల చేసేది అలారం, ఒక్కచోట కుదురుగా నిలబడనిది సెకండుముల్లు. పిల్లలు లేని ఇల్లు అది. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, అరచేతిలో గింజలు పోసుకుని నిలబడితే నాలుగూ వచ్చి చేతిమీద వాలేవి. ఆ అరగంటా ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

"పావురాల రెట్ట, ఈకల దుమ్ము. ఇదే అయ్యుంటుంది" అంది డాక్టరమ్మ. "ఈ రోజే పంపించెయ్యండి."

బావని పదిరోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. అక్క పావురాల్ని బుట్టలో పెట్టి, ఊరవతల ఎవరికో ఇచ్చి వచ్చింది. మూడోరోజుకల్లా నాలుగూ తిరిగొచ్చి గూటి మీద కూర్చున్నాయి. మళ్లీ పంపితే మళ్లీ వచ్చాయి. అక్క గూటి తలుపుకి మేకు కొట్టేసింది. అవి వెళ్లకుండా పిట్టగోడ మీద వరసగా కూర్చుని మెట్ల వైపే చూస్తుండేవి.

"బెదరగొట్టాలే, ఆయన వచ్చేలోగా" అంటూ అక్క స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని డాబా ఎక్కింది. ఒక్క దెబ్బ వేసి, అక్కడే కూలబడి ఏడ్చింది. "నావల్ల కాదు. నువ్వు కొట్టవే."

ముక్కమ్మ పళ్లెం తీసుకుంది. కొట్టింది. నాలుగు రోజులు, పొద్దునా సాయంత్రం, చెవులు చిల్లులు పడేలా కొట్టింది. ఏ పాపమూ ఎరగని వాటిని తరుముతున్నానని తెలిసే కొట్టింది. కొడుతున్నంతసేపూ, ఏమో, నిజంగా వీటివల్లేనేమో, డాక్టరమ్మకి తెలియదా ఏమిటి అని మనసుకి నచ్చజెప్పుకుంది. అయిదోరోజు పావురాలు రాలేదు.

ఆసుపత్రిలో వాళ్ల మిషను పెట్టారు కాబట్టి బావకి దగ్గు తగ్గింది. "చూశారా, పావురాలే" అన్నారందరూ. ముక్కమ్మ అందరికంటే గట్టిగా అంది. ఇంటికొచ్చి, డాబా వైపు తలెత్తకుండా లోపలికి నడిచి, ఆ రాత్రి తన మిషనే పెట్టుకుని పడుకున్నాడు బావ. పదిహేను రోజులకి మళ్లీ దగ్గు. ఈసారి మాట మధ్యలో ఊపిరి అందడం లేదు.

రెండోసారి మంచమెక్కించాక డాక్టరమ్మ అక్కాచెల్లెళ్లని వరండాలోకి పిలిచింది. "పక్షులు పోయినా తగ్గలేదంటే ఇంకేదో ఉంది. తొందరగా తెలియాలమ్మా. ఇలాగే సాగితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఒకసారి గట్టిపడితే మళ్లీ మెత్తబడవు. ఆయన బతుకంతా ఆక్సిజన్ గొట్టంతోనే."

అక్క గోడకి ఆనుకుంది. "ఇంకేముంది డాక్టరమ్మా మా ఇంట్లో?"

తేలు కుట్టిన దొంగలా నిలబడింది ముక్కమ్మ. అక్కని అక్కడే వదిలి, పనుందని ఇంటికి పరిగెత్తింది. బావ మంచం పక్కనున్న మిషను గుడ్డలో చుట్టుకుని కొట్టుకి తెచ్చింది. యజమాని భోజనానికి వెళ్లాడు. మధ్యాహ్నం ఎండ బల్ల మీద పడుతోంది. అట్టముక్క ఇంకా పిడికి వేలాడుతోంది. దాని వైపు చూడకుండా ఎనిమిది స్క్రూలూ విప్పింది.

స్పాంజి బూడిదరంగులో ఉండాలి. నల్లగా ఉంది. వేలితో తాకితే బంకబంకగా ఊడొచ్చింది. మూల మూలకీ తెల్లటి నూగు. గాలి సరిగ్గా దానిమీద నుంచే గొట్టంలోకి వెళుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. పట్టలేని ఏడుపొచ్చింది. చేతిలో కనబడుతున్న దానికి కూడా సాక్ష్యం చెప్పదు ఆ దిక్కుమాలిన ముక్కు.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. సిగ్గులేని ఆలోచనే, కానీ ఎంత సుళువైనది! సొరుగులో కొత్త స్పాంజి ఉంది. వేసి బిగించేస్తే సరి. బావకి నయమవుతుంది, ఎవరికీ తెలియదు, పావురాల మీద పడ్డ నింద పావురాల మీదే ఉంటుంది. అవేమైనా నోరున్నవా, పరువున్నవా? నల్లటి ముక్కని పక్కన పెట్టి, కొత్తది వేసింది. ఒక్కొక్క స్క్రూ బిగించడం మొదలుపెట్టింది. ఆరు బిగించింది.

ఫోను మోగింది. అక్క.

"ఎక్కడున్నావే? మీ బావ మిషను తెమ్మంటున్నాడు. ఇక్కడి మాస్కు గాలి నమ్మకం లేదట. మా ముక్కమ్మ పీల్చింది తెండి, అదైతే నిశ్చింత అంటున్నాడు." అక్క గొంతు తగ్గింది. "ఇంకోటి. గూడు కూడా పగలగొట్టించెయ్యమన్నాడే. ఆ చెక్కల్లో ఏదైనా మిగిలిందేమో అని ఆయనే అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. వడ్రంగికి కబురు పెట్టాను."

ముక్కమ్మ ఫోను పెట్టేసి మిగిలిన రెండు స్క్రూల వైపు కాసేపు చూసింది. తర్వాత ఆ నల్లటి ముక్కని ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, చెప్పులేసుకుంది.

ఆసుపత్రి గదిలో ముగ్గురూ ఉన్నారు. బావ దిండ్లకి ఆనుకుని, అక్క మంచం అంచున, డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ. మిషను ఏదని అక్క అడగబోతుంటే ముక్కమ్మ డబ్బా బల్ల మీద పెట్టింది. ఆగితే ఇక మాట రాదని ఒకే గుక్కలో చెప్పేసింది. "ఇది బావ మిషన్లోది. బూజు. నాకు జ్వరమొచ్చినప్పట్నుంచి వాసన తెలియదు. ఎవరికీ చెప్పలేదు. నేను పీల్చాను గానీ నాకేమీ తెలియలేదు. మీరడిగినప్పుడు అబద్ధం చెప్పాను. పావురాల తప్పేం లేదు. తప్పంతా నాదే."

డాక్టరమ్మ డబ్బా తీసుకుని, మూత కొద్దిగా తెరిచి చూసింది. బావ చెయ్యెత్తి, ఒక్కసారి ఇటివ్వమన్నాడు. "దూరం నుంచే" అని ఆవిడ ఒక్క క్షణం చూపించి మూసేసింది.

"ఇదే" అన్నాడు బావ. "తడిసిన గోనెసంచి."

డాక్టరమ్మ డబ్బా పట్టుకుని పరీక్షల గదికి వెళ్లింది. అక్క లేచింది. చిన్నప్పట్నుంచీ ఒక్క దెబ్బ వెయ్యని అక్క చెయ్యెత్తింది, ఎత్తి మళ్లీ దించేసింది. "నా చేత మేకు కొట్టించావు కదే" అంది. "నేను ఏడుస్తుంటే పళ్లెం తీసుకుని నువ్వు కొట్టావు కదే. తెలిసే కొట్టావు." కొట్టినా బాగుండేదనిపించింది ముక్కమ్మకి.

బావ ఊపిరి కూడదీసుకుని, మెల్లగా అడిగాడు.

"వాసన తెలియకపోతే తెలియదను. అదేం తప్పు కాదు, ఎవరికైనా జబ్బు చేస్తుంది. నాకు తెలిసిన వాసనని లేదన్నావేమిటే? నేను నీ మాట నమ్మి నా ముక్కుని తిట్టుకున్నాను. రోజూ రాత్రి అదే వాసన. రోజూ, నాదే భ్రమ, ముక్కమ్మ చెప్పింది కదా అనుకుని కళ్లు మూసుకున్నాను."

క్షమించమని అడగలేదు ముక్కమ్మ. అలా అడిగితే ఆయన సరేలే అంటాడు, ఆ సరేలే మోయడం ఇంకా కష్టం.

కొట్టుకి తిరిగివెళ్లి యజమానికి చెప్పింది. ఆయన మీసం మీద చెయ్యి అక్కడే ఉండిపోయింది. జ్వరం తర్వాత బయటికి వెళ్లిన మిషన్లు ఇరవై మూడు. బావది పోను ఇరవై రెండు. ఆ సాయంత్రం నుంచి ఒక్కొక్కళ్లకే ఫోను చేసింది. "నేను ఫలానా కొట్టులో మిషన్లు శుభ్రం చేసేదాన్నండీ. మీ మిషను మీద ‘పీల్చి చూశాను’ అని రాసింది నేనే. అది అబద్ధం. ఈ రాత్రి అది పెట్టుకోకండి, మనిషొచ్చి వేరేది ఇస్తాడు." కొందరు తిట్టారు. ఒకావిడ మాత్రం, "అయ్యో, నాకు ఏ వాసనా రాలేదమ్మా, బాగానే ఉంది" అని ఓదార్చబోయింది. ఆ ఓదార్పుకే ఎక్కువ ఏడ్చింది ముక్కమ్మ. వెనక్కొచ్చిన ఇరవై రెండూ విప్పితే ఇంకో మూడింట్లో బూజు కనబడింది. ఆ ముగ్గురినీ డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లింది. అట్టముక్కలన్నీ పోగేసి చించేసింది. ఇప్పుడు ఎనిమిది స్క్రూలూ విప్పకుండా ఏ మిషనూ గడప దాటదు. యజమాని కూడా పక్కన నిలబడి చూస్తాడు.

బావ నెలన్నర తర్వాత ఇంటికొచ్చాడు. దగ్గు పోయింది గానీ, మెట్లు మాత్రం సగంలో ఆగి ఎక్కాల్సిందే. పోయిన ఆ కాస్త ఊపిరీ ఇక రాదని చెప్పారు. పరీక్షలో తప్పు బూజుదేనని తేలినా, ఊపిరితిత్తులు కోలుకునేదాకా కొన్నాళ్లు పక్షులకి దూరంగానే ఉండమంది డాక్టరమ్మ. వడ్రంగి వచ్చేలోపలే కబురు ఆపారు కాబట్టి గూడు మిగిలింది. అక్క మేకు పీకేసింది. చెల్లెలితో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు.

ఒక సాయంత్రం బావ కింద మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, "ముక్కమ్మా" అని పిలిచాడు. ఆసుపత్రి తర్వాత ఆ పేరుతో పిలవడం అదే మొదలు. "నేను పైకి వెళ్లకూడదు. నువ్వెళ్లి పిలువు వాటిని."

ముక్కమ్మ వంటింట్లోకి వెళ్లి, చేతికందిన పళ్లెంలో గింజలు పోసుకుని డాబా ఎక్కింది. ఎదురింటి నీళ్ల ట్యాంకు అంచున ఒకటి కూర్చుని ఉంది. ఒక్కచోట నిలవకుండా అటూ ఇటూ నడుస్తోంది. సెకండుముల్లే. "రా తల్లీ" అని పళ్లెం ముందుకి చాపింది ముక్కమ్మ. ఎండకి స్టీలు తళుక్కుమంది. పావురం రివ్వున లేచి, రెండిళ్లవతలికి వెళ్లిపోయింది.

చేతిలో ఉన్నది ఆ పళ్లెమే. అంచున గరిటె దెబ్బలకి పడ్డ సొట్టలు అలాగే ఉన్నాయి.

"వచ్చిందా?" కిందనుంచి బావ గొంతు.

"వచ్చింది బావా. పళ్లెం చూసి వెళ్లిపోయింది." ఈసారి ఉన్నదున్నట్టే చెప్పింది.

కింద కుర్చీ కిర్రుమంది.

"పళ్లెం కింద పెట్టు. చేతిలో పోసుకుని నిలబడు" అన్నాడు.

గింజలు అరచేతిలో పోసుకుని, చెయ్యి చాపి నిలబడింది. భుజం లాగింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. రెండిళ్లవతల ఆ పావురం మెడ తిప్పి చూస్తోంది గానీ రావడం లేదు. చీకటి పడేదాకా చెయ్యి దించలేదు ముక్కమ్మ.

కిందికి దిగితే బావ ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.

"రాలేదు" అంది.

"రేపు మళ్లీ నిలబడు" అన్నాడు బావ.